తప్పు ఆప్షన్ ఎక్కడి నుంచి వచ్చింది?

(ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ముందు ఒక ఫిజిక్స్ లెక్చరర్ చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా, మొదటి వరసలో కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి. మొదటి వరసంటే మన పిల్లలకు ఎందుకో అంత భయం.

ముందు తల్లిదండ్రులతో ఒక మాట. లోపలికి వస్తుంటేనే గుమ్మం దగ్గర ఒకాయన అడిగారు: "సార్, రోజుకు ఎన్ని బిట్లు చేయిస్తే సీటొస్తుంది?" ఇది ఆయన ఒక్కరి ప్రశ్న కాదు. హాస్టల్లో ఉన్న పిల్లాడు ఫోన్ చేస్తే "తిన్నావా" అన్న తర్వాత మనం అడిగేది అదే. వాడు మూడొందలు చేశానంటాడు. మీకు తృప్తి, వాడికీ తృప్తి. ఆ మూడొందల్లో కీ పక్కన పెట్టుకుని టిక్కులు కొట్టినవి ఎన్నో మీకు తెలియదు, నిజానికి వాడికీ తెలియదు. ఈసారి ఫోన్ వచ్చినప్పుడు ఇలా అడిగి చూడండి: "ఇవాళ తప్పుపోయిన బిట్టు ఒకటి చెప్పు. నువ్వేం పెట్టావు, అదెందుకు తప్పు?" మీకు సబ్జెక్టు రాకపోయినా ఫర్వాలేదు. వాడు తడుముకుంటున్నాడో లేదో గొంతును బట్టి మీకే తెలిసిపోతుంది.

ఇక పిల్లలకు. పరీక్ష స్వరూపం మీకు తెలిసిందే, గబగబా చెప్పి ముందుకెళ్తాను. నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. ఛాయిస్ ప్రశ్నలున్న రెండో సెక్షన్‌ను 2025 నుంచి ఎత్తేశారు. బయాలజీ 90, ఫిజిక్స్ 45, కెమిస్ట్రీ 45. రైటయితే నాలుగు, తప్పయితే మైనస్ ఒకటి. మన ఎప్‌సెట్‌లో అగ్రికల్చర్, ఫార్మసీ వాళ్లకు 160 ప్రశ్నలు: బోటనీ, జువాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ తలా నలభై. తప్పుకు కోత లేదు. కాబట్టి ఎప్‌సెట్‌లో ఒక్క ప్రశ్న కూడా ఖాళీ వదలకూడదు. ఏటా ఎవరో ఒకరు వదిలేసి వస్తూనే ఉంటారు, అదేం సంస్కారమో నాకు అర్థం కాదు.

ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. బిట్టు చేశాక కీ చూసి టిక్ పెట్టడంతో ఆ బిట్టు అయిపోలేదు. ఇంకా మూడు ఆప్షన్లు మిగిలే ఉన్నాయి. వాటిని ఊరికే రాయరు. బయాలజీలో అయితే తప్పు ఆప్షన్‌ను చూసి "ఇది ఏ ప్రశ్నకు జవాబు?" అని అడగాలి. ఫిజిక్స్‌లో అయితే "ఏ తప్పు చేస్తే ఇది వస్తుంది?" అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలూ ఒకటి కాదు. అందుకే బయాలజీ చదివినట్టు ఫిజిక్స్ చదివేవాడు, ఫిజిక్స్ చేసినట్టు బయాలజీ చేసేవాడు ఇద్దరూ ఇబ్బంది పడతారు.

బయాలజీతో మొదలుపెడదాం. మా బోటనీ మేడమ్ ఇక్కడే ఉన్నారు, తప్పు చెప్తే ఆపేస్తారు.

రక్తంలో కాల్షియం స్థాయిని పెంచే హార్మోన్ ఏది? కాల్సిటోనిన్, పారాథార్మోన్, ఇన్సులిన్, ఆల్డోస్టిరాన్. అందరూ పారాథార్మోన్ అంటున్నారు, బాగుంది. పది సెకన్లలో అయిపోయింది. ఇప్పుడు మిగతా మూడూ చూడండి. కాల్సిటోనిన్ ఏ ప్రశ్నకు జవాబు? కాల్షియంను తగ్గించేది ఏది అంటే. ఎక్కడ పుడుతుంది? థైరాయిడ్‌లో. పారాథార్మోన్ దాని పక్కనే ఉన్న పారాథైరాయిడ్‌లో. ఈ జంటను పక్కపక్కన పెట్టుకోనివాడు పరీక్షలో తప్పకుండా తారుమారు చేస్తాడు. ఇన్సులిన్ ఏ ప్రశ్నకు? క్లోమంలోని బీటా కణాలు స్రవించేది ఏది, గ్లూకోజ్‌ను తగ్గించేది ఏది అంటే. అదే క్లోమంలోని ఆల్ఫా కణాలు ఏం చేస్తాయన్నది ఇక్కడ లేదు, కానీ గుర్తుకు రావాలి. ఆల్డోస్టిరాన్? అధివృక్క వల్కలం నుంచి వస్తుంది, మూత్రనాళికలో సోడియం పునఃశోషణను పెంచుతుంది. ఒక్క బిట్టు నుంచి నాలుగు బిట్లయ్యాయి. పైగా హార్మోన్ల చాప్టర్‌లో మొదలై విసర్జన చాప్టర్‌లోకి వచ్చి పడ్డాం.

ఎలాగూ వచ్చాం కాబట్టి అక్కడ కాసేపు ఆగుదాం. మూత్రపిండాల చాప్టర్‌లో అంకెలుంటాయి, పిల్లలు వాటిని మంత్రాల్లా బట్టీ పడతారు. గ్లోమెరులర్ వడపోత రేటు, అంటే మూత్రపిండాలు రక్తాన్ని వడకట్టే వేగం, నిమిషానికి 125 మిల్లీలీటర్లు. రోజుకు 180 లీటర్లు. ఇవి రెండు అంకెలు కావు, ఒకటే. 125ను అరవైతో గుణించి ఇరవై నాలుగుతో గుణించండి, 1,80,000 మిల్లీలీటర్లు వస్తుంది. దాదాపు 99 శాతం వెనక్కి పీల్చుకుంటుంది, మిగిలేది సుమారు లీటరున్నర మూత్రం. ఇప్పుడు గుండె దగ్గరికి వెళ్లండి. ఒక్కో స్పందనకు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 72 స్పందనలు, రెండూ గుణిస్తే ఐదు లీటర్ల చిల్లర. అందులో సుమారు ఐదో వంతు మూత్రపిండాలకు వెళ్తుంది. పుస్తకంలో ఉన్న 1100 నుంచి 1200 మిల్లీలీటర్లు అదే. రెండు చాప్టర్లలోని ఐదారు అంకెలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. ఒకటి మర్చిపోయినా మిగతావి దాన్ని లాక్కొస్తాయి. వరస తప్పకుండా బట్టీ పట్టినవాడికి మధ్యలో ఒకటి జారితే అంతే సంగతులు.

ఇప్పుడు బోర్డు చూడండి. ఇది ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్న బిట్టు. వంద గోధుమ గింజలు ఏర్పడాలంటే ఎన్ని క్షయకరణ విభజనలు జరగాలి? 25, 100, 125, 200.

ఎవరో 125 అన్నారు. ఎందుకని అడిగితే? "సార్, ఫార్ములా ఉంది, n ప్లస్ n బై ఫోర్." ఇదిగో, ఇదే వద్దంటాను. ఫార్ములా వదిలేయ్. గింజకు ఏం కావాలి? ఒక పరాగరేణువు, ఒక పిండకోశం. వంద గింజలకు వంద పరాగరేణువులు. ఒక సూక్ష్మసిద్ధబీజ మాతృకణం విభజన చెందితే నాలుగు వస్తాయి, నాలుగూ పనికొస్తాయి. అంటే మగవైపు 25 చాలు. ఆడవైపు స్థూలసిద్ధబీజ మాతృకణం నుంచి కూడా నాలుగే వస్తాయి, కానీ మూడు నశించిపోతాయి, ఒక్కటే మిగిలి పిండకోశం అవుతుంది. కాబట్టి వందకు వంద. మొత్తం 125.

ఇప్పుడు మిగతా మూడు ఆప్షన్లు మీరే చెప్పండి. 25 ఎవరు పెడతారు? మగవైపు మాత్రమే లెక్కేసినవాడు. 100? ఆడవైపు మాత్రమే. 200 ఎవరు పెడతారు? ఆడవైపు సరిగ్గానే లెక్కేసి, మగవైపు నాలుగు వస్తాయన్న సంగతి మర్చిపోయినవాడు. చూశారా, బయాలజీ బిట్టే అయినా ఇక్కడ రెండో ప్రశ్న కూడా పనికొచ్చింది. ప్రశ్న తయారుచేసినాయన మీ బుర్రలో దారి తప్పే చోట్లు ముందే చూసి, ఒక్కో చోట ఒక్కో ఆప్షన్ పెట్టాడు. ఇప్పుడు ప్రశ్నను కొంచెం తిప్పండి. వంద పరాగరేణువులు కావాలంటే? 25. రెండు వందల పురుష సంయోగబీజాలు కావాలంటే? ఒక్కో రేణువులో రెండుంటాయి, కాబట్టి వంద రేణువులు, మళ్లీ 25. ఫార్ములా పట్టుకున్నవాడు ఇక్కడ 250 అంటాడు.

మేడమ్ నవ్వుతున్నారు, అంటే బోటనీ పాస్ అయ్యాను.

ఇక నా సబ్జెక్టు. 2025 మే 4న జరిగిన నీట్‌లో ఫిజిక్స్ చూసి బాగా చదివే పిల్లలు కూడా బెదిరిపోయారు. ఆ పేపర్ తర్వాత అందరూ ఇంకా కష్టమైన బిట్ బ్యాంకులు కొనడం మొదలుపెట్టారు. నేను మాత్రం తేలిక బిట్లనే పూర్తిగా చేయమంటాను. ఎలాగో చూపిస్తాను.

ఒక కారు సగం దూరం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో, మిగతా సగం 60తో వెళ్లింది. సగటు వేగం ఎంత? 24, 48, 50, 100. తొమ్మిదో తరగతి ప్రశ్నే. అయినా ప్రతి బ్యాచ్‌లో సగం మంది 50 అంటారు. లెక్క మొదలుపెట్టకముందే ఒక్క క్షణం ఆగండి. బండి ఎప్పుడూ 40 కంటే తక్కువ వేగంతో లేదు, 60 దాటలేదు. సగటు ఆ రెండింటి మధ్యలోనే ఉండాలి. 24, 100 అక్కడే పోయాయి. ఇంకో సంగతి: తక్కువ వేగంతో వెళ్లినప్పుడు ఎక్కువ సేపు పడుతుంది, అంటే సగటు 40 వైపుకు జరగాలి. 50 కూడా పోయింది. ఇప్పుడు లెక్కతో సరిచూడండి. హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు 240 కిలోమీటర్లు అనుకుందాం. మొదటి 120కి మూడు గంటలు, రెండో 120కి రెండు గంటలు. 240ని ఐదుతో భాగిస్తే 48.

తప్పు ఆప్షన్లు ఎక్కడి నుంచి వచ్చాయి? 50 అనేది వేగాల సగటు తీస్తే వస్తుంది. ఫార్ములాలో రెండు మర్చిపోతే 24. 100 అంటే ఊరికే కూడేశాడు. ఇప్పుడు ప్రశ్నలో ఒక్క మాట మార్చండి: సగం దూరం బదులు సగం కాలం. జవాబు 50 అయిపోయింది. పోయినసారి తప్పయినది ఈసారి రైటు. ఈ రెండూ పక్కపక్కన చేసినవాడు పరీక్ష హాల్లో "దూరమా, కాలమా" అని తప్పకుండా వెతుకుతాడు.

ఇంకొకటి. గరుకు వాలుతలం మీద దిమ్మె కిందికి జారుతోంది. త్వరణం ఎంత? నాలుగు సమాసాలిస్తారు: జీ ఇంటు సైన్ తీటా ప్లస్ మ్యూ కాస్ తీటా, జీ ఇంటు సైన్ తీటా మైనస్ మ్యూ కాస్ తీటా, జీ ఇంటు కాస్ తీటా మైనస్ మ్యూ సైన్ తీటా, జీ ఇంటు సైన్ తీటా మైనస్ మ్యూ. తలాన్ని నిట్టనిలువుగా లేపేయండి, తీటా 90 డిగ్రీలు. దిమ్మె తలాన్ని నొక్కదు, ఘర్షణ ఉండదు, జీతో పడిపోవాలి. మూడోది మైనస్ మ్యూ జీ ఇస్తుంది, నాలుగోదాంట్లో ఇంకా ఘర్షణ మిగిలే ఉంది, రెండూ కొట్టేయండి. మొదటిదాంట్లో ఘర్షణ పెరిగేకొద్దీ త్వరణం పెరుగుతోంది. అలా ఉంటే గరుకు రోడ్డు మీద బ్రేకు వేస్తే బండి ఎగిరిపోవాలి. రెండోదే మిగిలింది. ఇది చిట్కా అని రాసుకోకండి, చిట్కా కాదు. బలాల పటం గీసి, సమీకరణం రాసి తేల్చాక ఇలా పరీక్షించాలి. జవాబు వచ్చాక దాన్ని నమ్మాలో లేదో చూసుకోవడం ఫిజిక్స్‌లో సగం పని.

మరో మాట, సొల్యూషన్ గురించి. లెక్క రెండు నిమిషాల్లో రాకపోతే ఫోన్ తీసి వీడియో చూస్తున్నారు. చూస్తే అర్థమవుతుంది, ఆ చెప్పేవాళ్లు బాగా చెప్తారు కూడా. కానీ అర్థం కావడం వేరు, చేయగలగడం వేరు. కనీసం పటం గీయండి, తెలిసినవి ఏవి, కావలసింది ఏది రాయండి, ఏ నియమం పనికొస్తుందో ఊహించండి. అక్కడ ఆగిపోయాక సొల్యూషన్ చూస్తే, ఎక్కడ ఆగారో ఆ లైను దగ్గరే కన్ను పడుతుంది. ఆ లైను చూసి మూసేసి మళ్లీ మీరే చేయండి. కాలిక్యులేటర్ లేని పరీక్ష అని కూడా మర్చిపోకండి. 310 నానోమీటర్ల కాంతి ఫోటాన్ శక్తి ఎంత అంటే, కొందరు 6.63 ఇంటు టెన్ పవర్ మైనస్ 34 నుంచి మొదలుపెట్టి పేజీ నింపుతారు. hc విలువ ఎలక్ట్రాన్ వోల్టు, నానోమీటర్లలో 1240, దాన్ని 310తో భాగించండి, 4 ఎలక్ట్రాన్ వోల్టులు. ఇలాంటి అంకెలు పాతికా ముప్ఫై చేతిలో ఉంటే చాలా టైం మిగులుతుంది.

ఇక్కడ తల్లిదండ్రులు తరచూ చెప్పే ఫిర్యాదు ఒకటుంది. "చాప్టర్ టెస్టుల్లో బాగా వస్తున్నాయి సార్, గ్రాండ్ టెస్టులో పడిపోతోంది. టెన్షనేమో." టెన్షన్ కొంత ఉండొచ్చు. అసలు కారణం వేరే ఉంది. అమెరికాలో సౌత్ ఫ్లోరిడా యూనివర్సిటీకి చెందిన రోరర్, టేలర్ అనే ఇద్దరు 2007లో ఒక ప్రయోగం ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకు నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం లెక్కలిచ్చారు. కొందరికి ఒక రకం అయ్యాక ఇంకో రకం, కొందరికి అన్నీ కలిపి. చేస్తున్నప్పుడు విడివిడిగా చేసినవాళ్లకు 89 శాతం రైటు, కలిపి చేసినవాళ్లకు 60. వారం తర్వాత పరీక్ష పెడితే? విడివిడి వాళ్లకు 20 శాతం, కలిపి చేసినవాళ్లకు 63. ఎందుకంటే "పని-శక్తి" అని పైన రాసి ఉన్న పేజీలో ఏ సూత్రం వాడాలో ఆ శీర్షికే చెప్పేస్తుంది. పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. సూత్రం ఎంచుకోవడం కూడా ప్రాక్టీస్ చేయాల్సిన పనే, చాప్టర్ టెస్ట్ ఆ పని చేయనివ్వదు. కొత్త చాప్టర్‌ను మొదట విడిగానే చేయండి. తర్వాత రోజూ పాత చాప్టర్ల నుంచి కలగాపులగంగా కొన్ని చేయండి. మార్కులు తగ్గుతాయి. తగ్గనివ్వండి. తల్లిదండ్రులు కూడా దయచేసి తగ్గనివ్వండి.

చదవడం గురించీ ఇలాంటిదే ఉంది. 2006లో రోడిగర్, కార్పిక్ అనేవాళ్లు చూపించారు. ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ చెప్పారు, 83 శాతం. ఒకసారి చదివి మూడుసార్లు చూడకుండా గుర్తు తెచ్చుకున్నవాళ్లు 71. వారం తర్వాత చూస్తే మొదటివాళ్లు 40కి పడిపోయారు, రెండోవాళ్లు 61 దగ్గర నిలిచారు. బయాలజీ పుస్తకానికి నాలుగు రంగుల హైలైటర్లు పూసేవాళ్లు ఈ అంకెలు రాసుకోండి.

ఎన్‌సీఈఆర్‌టీ లైన్ టు లైన్ చదవాలని అందరూ చెప్తారు, నేనూ చెప్తాను. కానీ ఏ ఎడిషన్? వృక్షాలలో రవాణా, ఖనిజ పోషణ, జీర్ణక్రియ-శోషణ చాప్టర్లను ఎన్‌సీఈఆర్‌టీ తీసేసింది, 2024 నీట్ సిలబస్ నుంచి కూడా పోయాయి. పాత బిట్ బ్యాంకుల్లో మాత్రం పదిలంగా ఉన్నాయి. అన్నయ్య పుస్తకం తమ్ముడికి అన్న పద్ధతి ఇక్కడ పనికిరాదు. అదే 2024 నీట్‌లో ఫిజిక్స్ ప్రశ్న ఒకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రెండు వాక్యాలిచ్చారు. పరమాణువులో ధన, ఋణ ఆవేశాలు సమానం కాబట్టి అది విద్యుత్‌పరంగా తటస్థం అన్నది మొదటిది. ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరంగా ఉంటాయి, తమ లాక్షణిక వర్ణపటాన్ని ఉద్గారిస్తాయి అన్నది రెండోది. పాత ఎన్‌సీఈఆర్‌టీలో ఆ రెండో వాక్యం అలాగే ఉంది, కొత్తదాంట్లో మార్చారు. నీట్ నిర్వహించే ఎన్‌టీఏ రెండు జవాబులకూ మార్కులిచ్చింది. కోర్టు ఐఐటీ ఢిల్లీ నిపుణులను అడిగితే, రెండో వాక్యం తప్పన్న జవాబు ఒక్కటే సరైనదని తేల్చారు. నాలుగు లక్షల మందికి పైగా పిల్లలకు ఐదేసి మార్కులు పోయాయి, ఇచ్చిన నాలుగు, పైన మైనస్ ఒకటి. మొదటి ర్యాంకు పంచుకున్నవాళ్ల సంఖ్య 17కు దిగింది. పాత పుస్తకం నమ్ముకున్న పిల్లల తప్పేముందని వాదించొచ్చు, నాకూ వాళ్ల మీద జాలే. కానీ "ప్రతి మూలకం" అన్న చోట ఆగి "యురేనియం మాటేమిటి?" అని అడిగినవాడికి ఏ ఎడిషనైనా ఒకటే.

తప్పుల పుస్తకం పెట్టుకోమని మీ అందరికీ ఎప్పుడో చెప్పే ఉంటారు. ప్రశ్న మొత్తం అందులో ఎక్కించకండి, చేతినొప్పి తప్ప లాభం లేదు. ఒక్క లైను చాలు: "వేగాల సగటు తీశాను, దూరమా కాలమా చూడలేదు." "సిల్లీ మిస్టేక్" అని మాత్రం రాయొద్దు. ఆ మాట కింద అన్నీ దాక్కుంటాయి. యూనిట్ మార్చలేదా, "కానిది ఏది" అన్నది చదవలేదా, గుణకారం తప్పిందా? నెల తిరిగేసరికి మీ తప్పులు నాలుగైదు రకాలే అని మీకే కనిపిస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(గెస్ చేయొచ్చా అని ఒక విద్యార్థి అడిగాడు.)

లెక్క వేద్దాం. ఏమీ తెలియకుండా గుడ్డిగా కొడితే నాలుగింట ఒకసారి ప్లస్ నాలుగు, మూడుసార్లు మైనస్ ఒకటి. సగటున ప్రశ్నకు పావు మార్కు లాభమే. ఒక ఆప్షన్ కొట్టేయగలిగితే మూడింట రెండు వంతుల మార్కు, రెండు కొట్టేస్తే ఒకటిన్నర. కానీ ఒక మెలిక ఉంది. మీరు నిజంగా గుడ్డిగా కొట్టరు. సగం తెలిసినప్పుడు మనసు ఒకదాని మీదికి లాగుతుంది, ఆ లాగేది సాధారణంగా మీలాంటివాళ్ల కోసం పెట్టిన ఆప్షనే. అందుకని రెండు ఆప్షన్లు కారణం చెప్పి కొట్టేయగలిగితే పెట్టండి. లేదంటే ముందుకెళ్లండి.

(ఒక విద్యార్థిని: "నేను తెలుగు మీడియం సార్, పేపర్ తెలుగులో తీసుకోవచ్చా?")

తీసుకో తల్లీ. తెలుగుతో పాటు ఇంగ్లిష్ కూడా ఉంటుంది. ఏదైనా తేడా వస్తే ఇంగ్లిష్‌దే చెల్లుతుంది, కాబట్టి ఏదైనా వాక్యం అనుమానంగా ఉంటే పక్కనున్న ఇంగ్లిష్ కూడా చూడు. ఇప్పటి నుంచే రెండు భాషల్లోనూ పదాలు రాసుకుంటే హాల్లో తికమక ఉండదు.

(ఒక తల్లి: "మా వాడికి బయాలజీ బాగా వస్తుంది, ఫిజిక్స్ రాదు. బయాలజీతో గట్టెక్కుతాడా?")

బయాలజీ మొత్తం వచ్చినా 360, అమ్మా. సగం. పైగా బయాలజీ పోటీలో ఉన్న అందరికీ వస్తుంది, ర్యాంకులో తేడా తెచ్చేది ఫిజిక్సే. బయాలజీ నలభై ఐదు, యాభై నిమిషాల్లో పూర్తిచేసేలా అలవాటు చేసుకోమనండి, మిగిలిన టైం ఫిజిక్స్‌కు వస్తుంది. మొత్తం 45 ఫిజిక్స్ ప్రశ్నలూ చేయాలని కూర్చోనక్కర్లేదు. తేలికవి, ఓ మోస్తరువి ముందు, కష్టమైనవి చివర్లో.

(పాత పేపర్లు ఎప్పుడు చేయాలని ఇంకొకరు అడిగారు.)

పాతవన్నీ చాప్టర్లవారీగా విడగొట్టి ఇప్పటి నుంచే చేసుకోండి. ఇటీవలి రెండు మూడు పేపర్లు మాత్రం ముట్టుకోకుండా దాచండి. చివరి నెలలో వాటిని మధ్యాహ్నం రెండు నుంచి ఐదు వరకే రాయండి, పరీక్ష టైం అదే. ఎండాకాలం మధ్యాహ్నం భోంచేశాక మన ఒంటికి అలవాటైన పని నిద్ర. మూడు గంటలకు కళ్లు మూతలు పడుతుంటే వాలుతలం లెక్క చేయడం కూడా అలవాటు కావాలి. ఓఎంఆర్ షీట్ జిరాక్స్ తీయించి దాని మీదే దిద్దండి. 180 గుండ్రాలు బాల్ పెన్‌తో దిద్దడానికి పట్టే టైం కూడా ఆ మూడు గంటల్లోదే, చెరిపి మళ్లీ దిద్దడం కుదరదు. ఒక పేజీ ప్రశ్నలు పూర్తయ్యాక ఆ పేజీవన్నీ ఒకేసారి దిద్దుకుంటే వరస తప్పే ప్రమాదం తక్కువ. జిరాక్స్ కావలసినవాళ్లు మేడమ్ దగ్గర ఒక కాపీ ఉంది, తీసుకోండి.